ఖాళీ ట్యాంకులు

షెల్ బేయు, లూయిజియానా
సెప్టెంబరు 5, శుక్రవారం

ఒరే వెర్లిన్,

బతికే ఉన్నాం. ఆ మాట ముందు రాసేస్తే మిగతాది నువ్వు కూర్చుని చదువుతావని రాస్తున్నాను. ఫోన్లు లేవు, కరెంటు లేదు, తుఫానుకు పోస్టాఫీసు కప్పు ఎగిరిపోయి చర్చి వెనక పడింది. మీ బెర్నిస్ బండి మీంచి గ్యాసు ట్యాంకులు దించేలోగా ఈ ఉత్తరం రాసి ఆమె చేతికివ్వాలి. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, స్కూలు బస్సు తోలి తోలి చేతులు ఇనుములా అయిపోయాయి. మూడు రోజులకోసారి ఆవిడ ట్రైలర్ వంతెన దాటి వస్తుంటే ఊరంతా బయటికొచ్చి నిలబడుతోంది.

మా ఇంట్లో నడుము లోతు బురద. నేనూ మీ బావా బడి పై అంతస్తులో ఒక క్లాసురూములో ఉన్నాం. కింద ఆటల హాల్లో మీ సహాయ దళం వాళ్ళు పెట్టించిన వంటశాల. ముప్పై ఏళ్ళు ఇదే బడిలో వంట చేసిన ఫెలిసీ పెద్దమ్మ అక్కడ పెద్ద. నేను ఆవిడ కింద ఉల్లిపాయలు తరిగే కూలీని. పన్నెండు వందల మందికి రెండు పూటలా ఎర్ర చిక్కుళ్ళు, అన్నం. రోజుకు రెండు ట్యాంకుల గ్యాసు కావాలి. నువ్వు పంపేది మూడు రోజులకు ఐదు. లెక్క ఎలా కుదురుతుందిరా? మూడో రోజు రాత్రి భోజనం ఆపేశాం. పిల్లలు గిన్నెలు పట్టుకుని వచ్చి వెనక్కి వెళ్ళారు.

మీ బావ ఊపిరి మిషను బడి జనరేటర్ మీద నడుస్తోంది. దాని గురించి కంగారుపడకు. ఆల్సీడ్ ఎప్పటిలాగే ఉన్నాడు. ముక్కుకు గొట్టం పెట్టుకుని కూడా పక్క మంచం ముసలాయనతో రొయ్యల ధర గురించి పోట్లాడుతున్నాడు. హెలికాప్టర్‌లో తీసుకెళ్ళేవాళ్ళ జాబితాలో ముప్పై ఒకటో నంబరు ఇచ్చారు. ముందు పసిపిల్లలు, తర్వాత కిడ్నీ రోగులు. రోజుకు ముగ్గురో నలుగురో వెళుతున్నారు. పడవలోనో బెర్నిస్ బండిలోనో పంపేద్దామంటే దారిలో గంటన్నర మిషను లేకుండా ఉండలేడు.

అసలు సంగతికొస్తాను. ఈసారి పది పంపు. మీ రూలు వెయ్యి పౌండ్లు దాటకూడదనే కదా? ఇవి నూరు పౌండ్ల ట్యాంకులు. పది నూర్లు వెయ్యి. అమ్మ మనిద్దరికీ ఒకే బల్ల దగ్గర లెక్కలు నేర్పింది, మర్చిపోయావా? వానలో తడవకుండా మూసిన ట్రైలర్‌లో పెట్టి పంపు.

నీ అక్క,
నెల్డా


మిల్టన్ ఫెర్రీ
సెప్టెంబరు 7, ఆదివారం

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మూడుసార్లు మీరు బతికున్నందుకు, ఒకసారి నీ లెక్క చూసి నవ్వుకోవడానికి.

నూరు పౌండ్ల ట్యాంకు అన్న పేరే మనుషుల్ని ముంచుతుంది. ఆ నూరు లోపలి గ్యాసు బరువు. బయటి ఇనుము ఇంకో డెబ్భై. రూలుకు గ్యాసూ ఇనుమూ అన్న తేడా లేదు, మొత్తం తూస్తుంది. ఒక్కోటి నూట డెబ్భై. ఐదు కలిపితే ఎనిమిది వందల యాభై. ఆరోది ఎక్కిస్తే వెయ్యీ ఇరవై. వెయ్యి దాటిందా, బండికి నాలుగు వైపులా ఎర్ర బోర్డులు పెట్టాలి, ప్రమాదకర సరుకుల లైసెన్సున్న డ్రైవరు కావాలి. బెర్నిస్‌కు ఆ లైసెన్సు లేదు, నాకూ లేదు. ఉన్నవాళ్ళందరినీ ఆసుపత్రులకు డీజిల్ మోయడానికి లాక్కుపోయారు. నేను రోజూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఇక్కడ పెట్రోలు బంకు వెనక ఒక మూల నిలబడితే సిగ్నల్ వస్తుంది. నన్ను చూసి బంకువాడు ఎవరో అమ్మాయితో మాట్లాడుతున్నాననుకుంటున్నాడు, ఈ వయసులో.

ఇక మూసిన ట్రైలర్ మాట ఎత్తకు. గ్యాసు గాలి కన్నా బరువు. కారితే నేల మీదే పరుచుకుని ఉంటుంది, పైకి పోదు. అందుకే చుట్టూ తెరిచి ఉన్న ట్రైలరే కావాలి. ట్యాంకు నిటారుగా నిలబడాలి, పట్టీలతో బిగించాలి, వాల్వు మూసి దాని నోటికి బిరడా పెట్టాలి. సరుకు కాగితం డ్రైవరు చేతికందేలా ఉండాలి, మంటలార్పే డబ్బా ఉండాలి, చుట్టుపక్కల ఎవడూ సిగరెట్టు ముట్టించకూడదు. వాన పడితే ట్యాంకు తడుస్తుంది. తడవనీ, దానికేం జలుబు చేయదు.

ఇంకో మాట. శుక్రవారం మీ దగ్గర్నుంచి వచ్చిన ఖాళీ ట్యాంకుల్లో రెండింటికి వాల్వు మూయలేదు, ఒకటి పడుకోబెట్టి పంపారు. బెర్నిస్‌ను నిలబెట్టి తిట్టాను, పాపం ఆవిడ తప్పు కాదు. మీ దగ్గర ఎవరు ఎక్కించారో వాళ్ళ చెవి మెలిపెట్టు. ఖాళీ ట్యాంకు ఖాళీ కాదక్కా. నిండుదానికి చేసే మర్యాదలన్నీ దానికీ చేయాలి.

బావ ఎలా ఉన్నాడో నిజంగా రాయి. "ఎప్పటిలాగే" అని నువ్వు రాస్తే నాకు భయమేస్తుంది. అమ్మ పోయే ముందు రోజు కూడా నువ్వు అదే మాట రాశావు.

మధ్య రెండు రోజులూ బెర్నిస్ వేరే ఊళ్ళకు మోయాలి, కాబట్టి ఐదే పంపుతున్నాను. నన్ను తిట్టుకో.

వెర్లిన్


షెల్ బేయు
సెప్టెంబరు 8, సోమవారం

వెర్లిన్,

తిట్టుకోమన్నావు కదా, కూర్చో.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మీ యార్డులో అరవై ట్యాంకులు నిండుగా నిలబడి ఉన్నాయట, బెర్నిస్ చెప్పింది. తొంభై మైళ్ళ దూరంలో అరవై ట్యాంకులు పెట్టుకుని, డెబ్భై పౌండ్ల ఇనుము గురించి నాకు పాఠం చెబుతున్నావు. నీ రూల్సు పుస్తకం ఇక్కడికి తెచ్చి చదువు. గిన్నె పట్టుకుని నిలబడ్డ పిల్ల ముందు చదువు. మీ బావ పెదాలు నీలంగా మారుతుంటే ఆయన మంచం పక్కన కూర్చుని చదువు.

అవును, నీలంగా మారుతున్నాయి. నిజం రాయమన్నావు, రాస్తున్నాను. బడి జనరేటర్ మొదటి రోజే నీళ్ళలో మునిగింది. మిషను నడిచేది స్టోర్‌రూములో దొరికిన చిన్న గ్యాసు జనరేటర్ మీద. దానికి గ్యాసు ఎక్కడిదని అడుగు. నువ్వు పంపిన ఐదింట్లో ఒకటి. మొదటి బండిలోంచి ఒకటి తీశాను, రెండో బండిలోంచి ఒకటి తీశాను, ఈవాళ మూడోది తీశాను. ఫెలిసీ పెద్దమ్మకు నాలుగే వచ్చాయని చెప్పాను. ఆవిడ నా మొహం చూసి నమ్మింది. పన్నెండు వందల మందికి మూడో రోజు పొద్దుటి కూడు కూడా ఎగ్గొట్టింది తుఫాను కాదు, నేను. నేనే వెళ్ళి ఆ లైను ముందు నిలబడి "గ్యాసు లేదమ్మా, రేపు రండి" అని చెప్పాను. చెబుతుంటే నా గొంతు కూడా వణకలేదు. అంత దొంగనయ్యాను.

ఒక్క ట్యాంకు రెండు రోజులు వస్తోంది. మూడో రోజుకు చిన్న ఆక్సిజన్ సీసాలు వాడాం. అవి అయిపోయాయి, ఒక్కటే ఉంది. ఇప్పుడు మిషను గంట ఆపి, గంట నడుపుతున్నాను. ఆపినప్పుడు ఆల్సీడ్ కళ్ళు మూసుకుని వేళ్ళ మీద లెక్కపెడుతుంటాడు. ఏం లెక్కపెడుతున్నావని అడిగితే, మీ తమ్ముడి రూల్సు అన్నాడు. నవ్వబోయి దగ్గొచ్చి పది నిమిషాలు తేరుకోలేదు.

అందుకని నేనొక ఏర్పాటు చేసుకున్నాను. నీ పర్మిషను అడగడం లేదు, తెలియాలని రాస్తున్నాను. ఇక్కడ రెమీ అని ఒకతను ఉన్నాడు, రొయ్యలకు ఐసు తోలే మూసిన వ్యాను ఉంది. పడమటి కట్ట మీది మట్టిదారిన అది వెళ్ళగలదు, మీ ట్రైలర్ అక్కడ తిరగలేదు. అవతలి ఊళ్ళో గ్యాసు అమ్మేవాడు ఖాళీలు ఇస్తే నిండువి ఇస్తానన్నాడు. రెమీ శుక్రవారం పొద్దున పదకొండు ఖాళీలు వేసుకెళ్ళి పదకొండు నిండువి తెస్తాడు. ఎవడూ ఆపడు, ఎవడూ తూయడు.

నీ భయం ఎందుకో నాకు తెలుసు. డోయిల్. కానీ ఒరే, మన తమ్ముడు చచ్చింది ట్యాంకుల వల్ల కాదు, వాడి నోట్లో సిగరెట్టు వల్ల. తాగొద్దురా అని అమ్మ ఎన్నిసార్లు మొత్తుకుంది. ఆ వెధవ చేసిన తప్పుకు పదకొండేళ్ళ తర్వాత నా మొగుడు ఊపిరాడక పోవాలా?

నెల్డా


మిల్టన్ ఫెర్రీ
సెప్టెంబరు 10, బుధవారం

అక్కా,

ముందు ఈ ఒక్క ముక్క చదివి, కాగితం పక్కన పెట్టి, వెళ్ళి రెమీని ఆపు. తర్వాత వచ్చి మిగతాది చదువు.

ఆపావా? సరే.

నిన్ను దొంగ అనను అక్కా. నీ స్థానంలో ఉంటే నేను రెండు తీసేవాణ్ణి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని పదకొండేళ్ళుగా చించుకోలేదు. డోయిల్ సిగరెట్టు వల్ల చచ్చిపోలేదు. నా వల్ల చచ్చిపోయాడు.

ఆ ఏడు సుడిగాలి తర్వాత జోన్స్‌విల్ నుంచి తిరిగొస్తున్నాం. పని అయిపోయింది, అందరం అలిసిపోయాం, జోరున వాన. ఎనిమిది ఖాళీ ట్యాంకులు మిగిలాయి. తెరిచిన ట్రైలర్ అవతలి చివర ఉంది, అక్కడిదాకా మోయాలి. బట్టలూ దుప్పట్లూ తెచ్చిన మూసిన ట్రైలర్ పక్కనే ఉంది. ఖాళీవే కదా అనుకున్నాను. అక్కా, ఈ పని చేసేవాళ్ళం అందరం ఎప్పుడో ఒకప్పుడు అనుకునే మాటే అది. పొయ్యి ఆరిపోతే ట్యాంకు ఖాళీ అంటాం. ఆరిపోయింది మంట. లోపల ఇంకా మిగిలే ఉంటుంది. ఆరిపోయిన పొయ్యి దగ్గర వాల్వు మూయాలని ఎవరికీ గుర్తుండదు. ఎనిమిదింటినీ ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టి తలుపులు వేశాను.

బండి ఎక్కబోతూ డోయిల్ అడిగాడు.

"అన్నయ్యా, వాల్వులు చూశావా?"

"చూశాను" అన్నాను.

చూడలేదు. వానలో మళ్ళీ తలుపు తీయడానికి బద్ధకించాను. రెండు గంటల తర్వాత వాడు కాఫీకని బండి ఆపి, దుప్పటి కోసం వెనక తలుపు తీశాడు. నోట్లో సిగరెట్టు ఉంది, నిజమే. నేను చూశానన్నాను కాబట్టే ముట్టించాడు. వాడు అంత అజాగ్రత్త మనిషైతే నన్ను అడిగేవాడే కాదు.

నేను ముందు బండిలో ఉన్నాను. పేలుడు విని వెనక్కి వచ్చేసరికి అందరూ సిగరెట్టు, సిగరెట్టు అంటున్నారు. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు మూసుకున్నవాణ్ణి ఇంటికొచ్చాక తెరవలేకపోయాను, అమ్మ ముందు తెరవలేకపోయాను. అమ్మ చివరిదాకా వాణ్ణే తిట్టి, వాడి కోసమే ఏడ్చి పోయింది. నేను వచ్చినప్పుడల్లా పక్కనే కూర్చుని అమ్మ చేయి పట్టుకుని విన్నాను. నా రూల్సు పుస్తకాన్ని మీరందరూ ఎగతాళి చేస్తే నాకు హాయిగా ఉండేది. ఎవరికీ అనుమానం రాలేదు కదా అని.

రెమీ వ్యానులో పదకొండు ఖాళీలు. నిండువి తెచ్చేటప్పుడు కాదు, పోయేటప్పుడే భయం. వంటశాలలో ఎన్ని వాల్వులు మూసి ఉన్నాయో నువ్వు చూడగలవేమో, చూడు. చూసినా పంపకు. మూసిన బండి అది.

నేను చేతులు ముడుచుకుని కూర్చోలేదు. టెక్సస్ సరిహద్దులో ఓరెన్ అని ఒక లైసెన్సు డ్రైవరు దొరికాడు. శుక్రవారం ఇక్కడికొస్తాడు. పన్నెండు ట్యాంకులు, ఎర్ర బోర్డులు, అన్నీ పద్ధతిగా. శనివారం మీ దగ్గర ఉంటాడు. రేపు బెర్నిస్ ఐదు తెస్తుంది. ఒకటి కాదు, రెండు తీసి పక్కన పెట్టు. ఫెలిసీకి నేను సమాధానం చెప్పుకుంటాను. శనివారం దాకా బావను నిలబెట్టు.

జవాబు రాయి. తిట్టినా రాయి.

వెర్లిన్


మిల్టన్ ఫెర్రీ
సెప్టెంబరు 11, గురువారం సాయంత్రం

అక్కా,

బెర్నిస్ ఐదు ట్యాంకులూ ట్రైలర్ మీదే పెట్టుకుని వెనక్కి వచ్చింది. నీళ్ళు పెరిగి వంతెన మీదికి బండ్లను రానివ్వలేదట. సైనికులు పడవలో గ్యాసు వద్దన్నారట, రొట్టెల బుట్టా నా ఉత్తరమూ మాత్రం పట్టుకుని వాళ్ళ పడవలో దాటి, ఉత్తరం నీ చేతికే ఇచ్చానంది. నువ్వు గోడకానుకుని చదివావట, మడిచి జేబులో పెట్టుకున్నావట. జవాబు ఏమైనా ఉందా అంటే లేదన్నావట.

ఈ చీటీ ఓరెన్‌తో పంపుతాను, అంతకు ముందు పంపే దారి లేదు. అయినా రాస్తున్నాను. రాయకపోతే ఇక్కడ పిచ్చెక్కుతుంది.

రెమీ వెళ్ళాడా? బావకు గ్యాసు ఉందా? నాకు ఈ రెండూ తప్ప ఇంకేం అడిగే హక్కు లేదు.

వెర్లిన్


మిల్టన్ ఫెర్రీ
సెప్టెంబరు 13, శనివారం ఉదయం

అక్కా,

వంతెన తెరిచారని ఇప్పుడే కబురొచ్చింది. ఓరెన్ బయల్దేరుతున్నాడు. పన్నెండింటి పట్టీలూ నేనే బిగించాను. వాల్వులు మూడుసార్లు చూశాను, ఓరెన్ నవ్వాడు.

మొదటి ట్యాంకు తిన్నగా పైకి, బావ దగ్గరికి. వంట తర్వాత.

వెర్లిన్


షెల్ బేయు
సెప్టెంబరు 15, సోమవారం

వెర్లిన్,

ఓరెన్ శనివారం మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. నాలుగు వైపులా ఎర్ర బోర్డులు, పన్నెండు ట్యాంకులూ పెళ్ళి ఫొటోకు నిలబడ్డట్టు నిటారుగా ఉన్నాయి. నీ చీటీలు రెండూ ఇచ్చాడు. మొదటి ట్యాంకు భుజాన వేసుకుని పైకి తెస్తానన్నాడు. నేను మెట్ల దగ్గర అడ్డంగా నిలబడి, పైకి అక్కర్లేదు బాబూ, వంటశాలలో దించమన్నాను.

ఆల్సీడ్ ఆ రోజు పొద్దున పదకొండింటికి పోయాడు.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. వరసగా రాయకపోతే అరుస్తానేమో.

గురువారం నీ ఉత్తరం చదివి ఎంతసేపు ఆ గోడ దగ్గర నిలబడ్డానో తెలియదు. నీ మీద కోపం రాలేదు మొదట. డోయిల్ మీద పెట్టుకున్న కోపం ఎక్కడికి పోవాలో తెలియక నాలోనే తిరిగింది. వాడి సమాధి దగ్గరికి నేను పదకొండేళ్ళుగా వెళ్ళలేదురా. తప్పు వాడిదే, నేనెందుకు వెళ్ళాలి అనుకున్నాను. ఆ పదకొండేళ్ళు నువ్వు ఎలా తెచ్చిస్తావు?

పైకెళ్ళి ఉత్తరం మొత్తం మీ బావకు చదివి వినిపించాను. దాచాలనుకున్నాను, నా మొహం చూసి పట్టేశాడు. విని కళ్ళు మూసుకున్నాడు. మాట్లాడటానికి ఊపిరి కూడబెట్టుకుంటున్నాడని తర్వాత అర్థమైంది.

"రెమీ సిగరెట్టు లేకుండా పది నిమిషాలు ఉండలేడే. పంపకు" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. వాల్వులన్నీ నేనే మూస్తాను, సిగరెట్లు లాక్కుంటాను, వ్యాను తలుపులు తీసి కట్టేస్తాను అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. శుక్రవారం పొద్దున కిందికెళ్ళి చూస్తే రెమీ అప్పటికే పదకొండూ ఎక్కించేశాడు, పడుకోబెట్టి. ఐదింటి వాల్వులు తెరిచే ఉన్నాయి. వ్యాను లోపలికి తల పెడితే ఆ కుళ్ళిన గుడ్ల వాసన గుప్పున కొట్టింది. రెమీ చెవి వెనక సిగరెట్టు పెట్టుకుని నిలబడి, ఖాళీవే కదా అక్కా అన్నాడు.

అతనికి ముగ్గురు ఆడపిల్లలు. మధ్యది వ్యాను మెట్టు మీద కూర్చుని ఉంది.

అన్నీ దింపించాను. నా చేతుల్తో దింపాను. ఒక్కోటి దింపుతుంటే ఆల్సీడ్‌ను దింపుతున్నట్టే ఉంది, అయినా దింపాను.

తర్వాత ఫెలిసీ పెద్దమ్మ దగ్గరికెళ్ళి మూడు ట్యాంకుల సంగతీ చెప్పాను. ఆవిడ గరిటె పక్కన పెట్టి, నాకు మొదటి రోజే తెలుసు, ఐదు దించడం కిటికీలోంచి చూశాను, నువ్వే చెబుతావని ఆగాను అంది. పూటలు తగ్గించి దాచుకోగా వంటశాలలో మిగిలింది ఒకే ఒక్క సగం ట్యాంకు. ఆవిడే లైను దగ్గరికెళ్ళి, ఈవాళ పొయ్యి వెలగదు, పైన ఒక మనిషికి ఊపిరి కావాలి అని చెప్పింది. చల్లటి రొట్టెలు పట్టుకుని అందరూ వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సగం ట్యాంకును ఆపి ఆపి శనివారం పొద్దున దాకా లాగాను. తొమ్మిదింటికి జనరేటర్ ఆగింది. చివరి చిన్న సీసా పెట్టాను, అది పది దాటగానే అయిపోయింది. తర్వాత ఆల్సీడ్ కిటికీ వైపు తిప్పమన్నాడు. తిప్పాను. చేయి పట్టుకున్నాను. అంతకన్నా రాయలేను.

ఆ సాయంత్రం పన్నెండు వందల మందికీ వేడివేడిగా అన్నం, చిక్కుళ్ళు వండాం. ఫెలిసీ వద్దంది. నేనే గరిటె పట్టుకున్నాను. పైకెళ్ళి ఏం చేయాలో తెలియక అందరికీ వడ్డించాను. రెమీ కూతుళ్ళు ముగ్గురూ రెండోసారి వచ్చారు.

నువ్వు అడగలేదు గానీ, అడగాలని చచ్చిపోతుంటావు కాబట్టి చెబుతున్నాను. సోమవారం పది పంపి ఉంటే మీ బావ బతికేవాడు. అది అబద్ధమని నీకోసం రాయను. రెమీని పంపి ఉంటే కూడా బతికేవాడేమో. ఆపింది నేను. నిన్ను ఎన్ని తిట్టాలో అన్నీ కూడబెట్టుకుని కూర్చున్నాను, కానీ తిట్టడానికి నోరు తెరిస్తే నా చేతులు కనిపిస్తున్నాయి. డోయిల్ విషయంలో నిన్ను క్షమించలేదు. ఎప్పటికైనా క్షమిస్తానో లేదో కూడా తెలియదు. అమ్మకు చెప్పాల్సిందిరా. కనీసం అమ్మకు.

ఖననం బుధవారం. శ్మశానంలో నీళ్ళు దిగలేదు, చర్చి పక్క మిట్ట మీద చోటిచ్చారు. నాకిక్కడ నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఉత్తరం పంపకు, బెర్నిస్‌ను పంపకు. నువ్వే రా. నిన్ను చూడగానే చెంప పగలగొడతానో, పట్టుకుని ఏడుస్తానో నాకే తెలియదు. ఏదైనా సరే, రా.

నెల్డా